కొనుగోలుదారు వేషంలో అటవీ అధికారి: ఆ పట్టివేత కోర్టులో నిలుస్తుందా?

ప్రశ్న (అడిగినవారు: కొత్తబీటు)

సభ్యులందరికీ నమస్కారం. మాది నల్లమలను ఆనుకుని ఉన్న మండలం. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగ పరీక్షకు చదువుతున్నాను. చిరుత చర్మమో, అలుగు పొలుసులో, నక్షత్ర తాబేళ్లో కొంటామంటూ అధికారులు వ్యాపారుల్లా వెళ్లి నిందితులను పట్టుకున్నారన్న వార్త నెలకొకటైనా పత్రికలో కనిపిస్తోంది. ప్రతిసారీ అదే ఫొటో: బల్ల మీద పరిచిన చర్మం, వెనుక నిలబడ్డ అధికారులు, ముందు తువ్వాలుతో ముఖం కప్పుకుని కూర్చున్న ఇద్దరు మనుషులు.

నా సందేహాలు ఇవి. "మీరు అడిగారు కాబట్టే తెచ్చాను, లేకపోతే నాకెందుకు ఈ పని" అని నిందితుడు కోర్టులో వాదిస్తే కేసు ఏమవుతుంది? గిరాకీ చూపించేది ప్రభుత్వమే అయితే జంతువును చంపించింది ఎవరని మా మేనమామ అడిగినప్పుడు నేను సమాధానం చెప్పలేకపోయాను. రెండోది, ఆ ఫొటోలో కూర్చునేవారు ఎప్పుడూ చిరిగిన చొక్కాల వాళ్లే ఎందుకవుతారు? ఇక మూడోది కాస్త సొంత విషయం. మా పక్క ఊళ్లో ఒకరి దగ్గర ఇలాంటి సరుకు ఉందని విన్నాను. నేనే కొనేవాడిలా వెళ్లి మాట్లాడి, ఆ తర్వాత అధికారులకు అప్పగించవచ్చునా?

జవాబు (పాతరేంజి)

తమ్ముడూ, మూడో ప్రశ్నకు ముందుగా ఒక్క మాట: వెళ్లవద్దు. కారణాలను ఇక్కడి వకీలు గారు నాకంటే బాగా చెప్పగలరు. నేను ముప్పై రెండేళ్లు శాఖలో పనిచేసి రేంజ్ ఆఫీసరుగా పదవీ విరమణ చేశాను. ఆ కాలంలో ఏడుసార్లు "పార్టీ"గా వెళ్లాను. ఈ వ్యాపారంలో పార్టీ అంటే సరుకు కొనడానికి వచ్చినవాడు.

మీ మేనమామ గారు అడిగిన ప్రశ్ననే మా పై అధికారి ఒకరు మొదటి రోజున నన్ను అడిగారు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: "ఉన్నది చూపించు" అనాలి గాని "తెచ్చిపెట్టు" అనకూడదు. ఆ రెండు మాటల మధ్య ఒక జంతువు ప్రాణం ఉంటుంది. ఇంకా పెద్దది కావాలనో, జత కావాలనో నోరు జారితే, వారం తిరగకముందే అడవి అంచున ఒక ఉచ్చు అదనంగా పడుతుంది. మా ప్రాంతంలో చిరుతలు ఎక్కువగా చచ్చేది అడవిపందుల కోసం పెట్టిన ఉచ్చుల్లో, చేల చుట్టూ లాగిన కరెంటు తీగలకు తగిలి. చర్మం ముందు చేతికి వస్తుంది, కొనేవాడి కోసం వెతుకులాట ఆ తర్వాతే మొదలవుతుంది. మేము నిలబడవలసింది ఆ వెతుకులాటలోనే. అందుకే సమాచారం తెచ్చినవాడిని ముందు ఫొటో అడిగేవాళ్లం, అదీ చర్మం పక్కన ఆనాటి దినపత్రిక పెట్టి తీసినది. సరుకు అప్పటికే అమ్మేవాడి దగ్గర ఉందనడానికి ఆ పత్రిక మీది తేదీయే సాక్ష్యం.

వేషం గురించి జనం ఊహించేది వేరు, జరిగేది వేరు. మీసం తీసేయడం, బంగారు గొలుసు వేసుకోవడం పెద్ద పని కాదు. మనల్ని పట్టించేది ఏళ్ల తరబడి ఒంటికి పట్టిన అలవాటు. టోపీ కింద ఎండ తగలని నుదురు, బెల్టు బిగించే తీరు, అన్నిటికంటే ముఖ్యంగా నోటి మాట. ఒకసారి జాతీయ రహదారి మీది ఒక పట్టణంలో, లాడ్జి గదిలో, నాలుగు నెలల మాటల తర్వాత అమ్మేవాడు వచ్చి కూర్చున్నాడు. సరుకు వెంట తేలేదు. కాగితం పొట్లంలో ఒక గోరు, గుప్పెడు వెంట్రుకలు మాత్రం మంచం మీద పెట్టాడు. నేను హైదరాబాదు నగల వ్యాపారి మనిషిని, నాతో వచ్చిన కుర్ర బీట్ ఆఫీసరు నా కారు డ్రైవరు. టీలు వచ్చాయి. బేరం కుదిరే దశలో ఆ అబ్బాయి ఎంతో మర్యాదగా "సార్, టీ చల్లారిపోతోంది" అన్నాడు. ఆ "సార్" అన్న తీరులో డ్రైవరు వినయం లేదు, పరేడ్ మైదానం ఉంది. అమ్మేవాడు నవ్వాడు, చేతులు కడుక్కుని వస్తానని లేచాడు, పొట్లం మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ కనిపించలేదు. ఆ తర్వాత ఏ పనికి వెళ్లినా, ముందు రోజు ఉదయం నుంచే కుర్రాళ్లంతా నన్ను "బావా" అని పిలవాలని షరతు పెట్టాను. ఇద్దరికి ఆ అలవాటు తర్వాత ఆఫీసులో కూడా పోలేదు, అది వేరే సంగతి.

సరుకు నిజమైనదేనా అని చూడటం మరో పని. కుక్క చర్మానికి రంగు మచ్చలు వేసి చిరుతదని అమ్మేవాళ్లు ఉన్నారు. తడి రుమాలుతో గట్టిగా రుద్దితే కొన్నిసార్లు రంగు అక్కడే తేలిపోతుంది. గేదె కొమ్మును చెక్కి పులిగోరని అమ్మడం మరీ మామూలు. అంతా సరిపోయిందనుకున్నాక జేబులోని ఫోను నుంచి ఒక మిస్డ్ కాల్ వెళ్తుంది. బయట కిరాణా సామాన్ల టెంపోలో కూర్చున్న బృందం, వారితోపాటు సాక్షులుగా ముందే పిలిపించి ఉంచిన ఇద్దరు మధ్యవర్తులు లోపలికి వస్తారు. బేరానికి తెచ్చిన డబ్బు కట్టల్లో పై వరుసలో పెట్టిన అసలు నోట్ల నంబర్లు అంతకుముందే కాగితం మీద రాసి సంతకాలు చేయించి ఉంటాయి.

జవాబు (వకాల్తా)

పాతరేంజి గారు చెప్పిన "ఉన్నది చూపించు" అన్న నియమానికి చట్టంలో పునాది ఉంది. మోసపూరితమైన ప్రేరణకు లోబడి నేరం చేశానన్నది నిందితుడిని పూర్తిగా విడుదల చేసే రక్షణగా మన శాసనాల్లో ఎక్కడా రాసి లేదు. అయితే న్యాయస్థానాలు రెండు రకాల వలల మధ్య తేడా చూస్తాయి. నేరానికి అప్పటికే సిద్ధమైన మనిషికి అవకాశం కల్పించి పట్టుకోవడం ఒకటి, ఆలోచనే లేని మనిషిలో ఆలోచన నాటి, ఆశపెట్టి, చివరికి దోషిగా నిలబెట్టడం మరొకటి. రామ్‌జనమ్ సింగ్ కేసులో 1956లోనే సుప్రీంకోర్టు ఈ రెండో పద్ధతిని గట్టిగా తప్పుపట్టింది. కాబట్టి "మీరు అడిగారు కాబట్టే తెచ్చాను" అన్న వాదనకు బలం ఉంటుందా లేదా అన్నది, అడగకముందు సరుకు ఎవరి దగ్గర ఉందో ప్రాసిక్యూషన్ చూపించగలగడం మీద ఆధారపడుతుంది. ఆ దినపత్రిక ఫొటో విలువ అక్కడే. అయితే ఫోనులోని ఫొటో, రికార్డు చేసిన సంభాషణ సాక్ష్యంగా చెల్లాలంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి చట్టం అడిగే ధ్రువపత్రం జతచేయాలి. అది లేని కారణంగా మంచి రికార్డింగులు పక్కకు పోవడం నేను చూశాను.

పరీక్షకు చదువుతున్నారు కాబట్టి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని కొన్ని సెక్షన్లను పట్టివేతకు ముడిపెట్టి గుర్తుంచుకోండి. సోదా, స్వాధీనం, అరెస్టు అధికారాలు 50వ సెక్షన్‌లో ఉన్నాయి. అందులోనే ఎనిమిదో, తొమ్మిదో ఉపసెక్షన్లు చాలామంది దాటవేస్తారు గాని, అసలు బలం వాటిలోనే ఉంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని మనందరికీ తెలుసు. ఈ చట్టం కింద మాత్రం అసిస్టెంట్ కన్సర్వేటర్ ఆఫ్ ఫారెస్ట్స్ హోదాకు తగ్గని, అధికారం పొందిన అధికారి విచారణ జరిపి సాక్ష్యం నమోదు చేయవచ్చు. నిందితుడి సమక్షంలో నమోదైతే అది తర్వాత విచారణలో చెల్లుతుంది. రేంజ్ ఆఫీసరు రాత్రికి రాత్రి రాయించిన వాంగ్మూలానికి ఈ విలువ రాదు. సరుకు ఒకరి స్వాధీనంలో ఉందని రుజువైతే, అది అక్రమం కాదని చూపించే భారం 57వ సెక్షన్ కింద ఆ మనిషి మీదే పడుతుంది. చట్టం అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలు జంతువుల విషయంలో శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల వరకు ఉండవచ్చు. 2022 సవరణ తర్వాత జరిమానా రూ.25,000కు తగ్గదు.

ఇక ఆ చర్మం ఏ జంతువుదో శాస్త్రీయంగా తేలాలి. హైదరాబాదు అత్తాపూర్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం)కి చెందిన లాకోన్స్ ప్రయోగశాల, దెహ్రాదూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ డీఎన్‌ఏ పరీక్షతో ఆ పని చేస్తాయి. నకిలీ చర్మమని తేలితే వన్యప్రాణి కేసు నిలవడం కష్టం, మోసం కేసు మాత్రం మిగలవచ్చు.

మీ మూడో ప్రశ్నకు నా జవాబు కూడా వద్దనే. మొదటి షెడ్యూలు జంతువుల చర్మం, గోళ్లతో వ్యాపారం ఎవరు చేసినా నేరమే, డబ్బు ఇచ్చి చేతిలోకి తీసుకున్న క్షణంలో మీరు కూడా ఆ పరిధిలోకి వస్తారు. సదుద్దేశంతో చేసిన పనికి రక్షణ ఇచ్చే 60వ సెక్షన్ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల అధికారులను, ఉద్యోగులను ఉద్దేశించినది, ఉద్యోగం ఇంకా రాని అభ్యర్థిని కాదు. విన్న సమాచారాన్ని డివిజనల్ అధికారికి గాని, వన్యప్రాణి నేర నియంత్రణ మండలికి గాని తెలియజేయండి. వారు పట్టించుకోకపోతే ఒక పౌరుడిగా మీకు మరో దారి ఉంది: 55వ సెక్షన్ ప్రకారం 60 రోజుల ముందస్తు నోటీసు ఇచ్చి, మీరే కోర్టులో ఫిర్యాదు దాఖలు చేయవచ్చు.

జవాబు (ఏజెన్సీ మాస్టారు)

రెండో ప్రశ్నను ఇద్దరు పెద్దలూ తాకకుండా వదిలేశారు కనుక నేను అందుకుంటున్నాను. నేను ఇరవై ఏళ్లుగా గిరిజన గూడేల మధ్య బడిపంతులుగా ఉన్నాను. ఆ ఫొటోలో తువ్వాలు కింద ఉండే మనిషి నాకు తెలుసు, అతని పిల్లలు నా తరగతిలో కూర్చుంటారు.

పంది ఉచ్చులో చిరుత పడి చచ్చిపోయిందనుకోండి. భయంతో పూడ్చేసేవాళ్లే ఎక్కువమంది. ఎవరో ఒకరికి మాత్రం సంతలో పరిచయమైన పట్నపు మనిషి గుర్తుకొస్తాడు. అతని మాట మీద చర్మం ఒలిచి, ఉప్పు, పసుపు పట్టించి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెడతారు. అధికారి పార్టీగా వచ్చిన రోజున సంచి మోసుకొచ్చేది ఈ మనిషే. పట్నపు మనిషి ఊరి బయట మోటారు సైకిలు మీద, ఫోను ఆపేసుకుని ఉంటాడు. పట్టివేత జరిగిన మరునాడు వీడి ఇంట్లో జామీను కోసం మేకలు అమ్ముకుంటారు, వాడు మరో సంతకు పోతాడు. సమాచారం ఇచ్చినవాడు కూడా చాలాసార్లు అదే వ్యాపారంలో పోటీదారుడు, బహుమతి డబ్బు అతనికి అదనపు రాబడి. పాతరేంజి గారు ఏడుసార్లు వెళ్లానన్నారు. ఆ ఏడింటిలో సంచి మోసినవాడిని దాటి పైకి వెళ్లినవి ఎన్నో చెప్పగలరా? నిష్ఠూరంగా అనుకోవద్దు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

ఇంకొక మాట. వేట అనగానే చెంచుల వైపు, ఉత్తరాదిలో అయితే బవారియా, పార్ధీ తెగల వైపు చూసే అలవాటు, కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసిన ఆంగ్లేయుల నాటి నేరస్థ జాతుల చట్టం నుంచి మనకు అంటుకుంది. అదే నల్లమలలో పులి అడుగుజాడలు చూస్తూ బేస్ క్యాంపుల్లో రాత్రిళ్లు కాపలా కాసేవాళ్లలో చెంచులు ఎందరో ఉన్నారు.

జవాబు (పాతకత్తిరింపులు)

మాస్టారి ప్రశ్న దేశమంతటికీ వర్తిస్తుంది. పాత పత్రికల కత్తిరింపులు దాచుకునే అలవాటు ఉన్నవాడిగా కొన్ని సంగతులు చెబుతాను.

పులి ఎముకల వ్యాపారం ఎంత పెద్దదో మన దేశానికి తెలిసింది ఒక మారువేషపు దర్యాప్తు వల్లనే. 1993 ఆగస్టులో వన్యప్రాణి వ్యాపారంపై కన్నేసి ఉంచే ట్రాఫిక్ ఇండియా అనే సంస్థ వాళ్లు కొనుగోలుదారుల్లా కూపీ లాగిన ఫలితంగా ఢిల్లీలో 287 కిలోల పులి ఎముకలు పట్టుబడ్డాయి. చర్మాన్ని గోడకు తగిలించుకోవడానికి కొంటారని అప్పటిదాకా అనుకునేవాళ్లకు, ఎముకలు మందుల కోసం సరిహద్దు దాటుతున్నాయని అప్పుడు అర్థమైంది. తర్వాత 2000 జనవరిలో ఉత్తరప్రదేశ్‌లోని ఖాగాలో 70 చిరుత చర్మాలు, 4 పులి చర్మాలతోపాటు 18,000 చిరుత గోళ్లు దొరికాయి. చిరుతకు ముందు పాదాలకు ఐదేసి, వెనుక పాదాలకు నాలుగేసి, మొత్తం 18 గోళ్లు. లెక్క మీరే చూసుకోండి: దొరికిన చర్మాలు 70, గోళ్లు వెయ్యి చిరుతలవి.

ఈ సరుకు వెనుక ఉన్నవాడిగా పేరుపడ్డ సంసార్ చంద్ 1974లో మొదటిసారి అరెస్టయ్యాడు. ఎన్నో కేసులు, ఎన్నో బెయిళ్లు. రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులన్నీ మాయమైన సంగతి బయటపడిన 2005లో అతన్ని ఢిల్లీలో మళ్లీ పట్టుకున్నారు. భిల్వారా రైల్వే స్టేషన్లో 2003లో దొరికిన చిరుత చర్మాల కేసులో అతనికి పడిన శిక్షను సుప్రీంకోర్టు 2010లో ఖరారు చేసింది. గమనించవలసింది ఏమిటంటే, ఆ స్టేషన్లో సరుకుతో దొరికింది సంసార్ చంద్ కాదు, దాన్ని మోస్తున్న వేరే మనిషి. మోసేవాడి మాటను, ఇతర సాక్ష్యాలను కలిపి పైవాడి దాకా వెళ్లిన అరుదైన కేసు అది. వకాల్తా గారు పైన పేర్కొన్న వన్యప్రాణి నేర నియంత్రణ మండలి పుట్టింది కూడా సరిస్కా దెబ్బతోనే: 2006లో చట్టం సవరించారు, 2007లో మండలి ఏర్పడింది.

మన నేలతో ముడిపడిన ఒక ఘట్టం కూడా ఉంది, దీన్ని ఎవరూ గుర్తుచేసుకోరు. ఆ చర్మాలు చివరికి ఎక్కడ తేలుతున్నాయో చూడటానికి 2005లో బ్రిటన్‌కు చెందిన ఎన్విరాన్‌మెంటల్ ఇన్వెస్టిగేషన్ ఏజెన్సీ, మన వైల్డ్‌లైఫ్ ప్రొటెక్షన్ సొసైటీ పరిశోధకులు మారువేషంలో టిబెట్‌కు వెళ్లారు. గుర్రపు పందేల ఉత్సవాల్లో జనం పులి, చిరుత చర్మాల అంచులు కుట్టిన అంగీలు తొడుక్కుని తిరుగుతున్న దృశ్యాలను చిత్రీకరించారు. అవి దలైలామా దాకా చేరాయి. 2006 జనవరిలో గుంటూరు జిల్లా అమరావతిలో జరిగిన కాలచక్ర అనే బౌద్ధ మహోత్సవంలో ఆయన ఆ అలవాటును తీవ్రంగా తప్పుపట్టి, మానమని టిబెటన్లను కోరారు. కొద్ది వారాల్లోనే టిబెట్‌లో ఊరూరా ఆ అంగీలను కుప్పపోసి తగలబెట్టారు. ఆ దర్యాప్తులో ఎవరి చేతికీ బేడీలు పడలేదు, అయినా కృష్ణ ఒడ్డున అన్న మాటకు హిమాలయాల అవతల గిరాకీ పడిపోయింది.

అడిగినవారు (కొత్తబీటు)

అందరికీ కృతజ్ఞతలు. పక్క ఊరి సంగతిని నిన్ననే డివిజనల్ కార్యాలయానికి తెలియజేశాను. ఒక చిన్న సందేహం మిగిలింది: ఇంత జాగ్రత్తగా పట్టుకున్న కేసులు కూడా కొట్టేస్తున్నారని వింటున్నాము. సాధారణంగా తప్పు ఎక్కడ దొర్లుతుంది?

జవాబు (పాతరేంజి)

ముందు మాస్టారికి బాకీ ఉన్న జవాబు. ఏడింటిలో రెండుసార్లు పట్నపు మనిషి దాకా వెళ్లగలిగాము. లాడ్జిలో చేజారినది పోను, మిగిలినవి సంచి మోసినవాడి దగ్గరే ఆగిపోయాయి. సరుకును వదిలేసి వెంబడిస్తే పైవాడు దొరుకుతాడని తెలుసు. కాని దారిలో సరుకు తప్పిపోతే జవాబు చెప్పవలసింది నేను కాబట్టి, ధైర్యం చేయలేదు. అది నా లోపమే.

ఇక తప్పులు. లాడ్జిలో చేసే తప్పుకు మనిషి పారిపోతాడు, బల్ల దగ్గర కూర్చుని రాసేటప్పుడు చేసే తప్పు నాలుగేళ్ల తర్వాత బయటపడుతుంది. పంచనామాలో ఉన్న సమయానికి, నివేదికలో ఉన్న సమయానికి పొంతన ఉండదు. మధ్యవర్తి సంతకం ఎక్కడ చేశాడంటే, పట్టుకున్న చోట కాదు ఆఫీసులో చేశానంటాడు. సీలు మీది గుర్తు ఏమిటో కాగితంలో ఉండదు.

నా చివరి కేసులో సాక్షిగా సమన్లు వచ్చేనాటికి నేను ఉద్యోగం నుంచి దిగిపోయి ఏడాదైంది. మూటను కోర్టులో విప్పారు. చర్మం బిగుసుకుపోయి అప్పడంలా ఉంది, ఆ వాసనకు టైపిస్టు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. పంచనామాలో నేను "గోళ్లతో సహా చర్మం, గోళ్లు 18" అని రాశాను. నిందితుడి తరఫు వకీలు తీరిగ్గా ఒక్కొక్కటే లెక్కపెట్టి, పదిహేడే ఉన్నాయని, ఇది పట్టుకున్న చర్మం కాదని అన్నాడు. మేజిస్ట్రేటు గారు నా వైపు చూశారు. నా దగ్గర సమాధానం లేదు. బెంచి గుమస్తా ఏమనుకున్నాడో గాని, ఖాళీ గోనెసంచిని తలకిందులుగా పట్టుకుని రెండుసార్లు దులిపాడు. ఎండిన ఉప్పు, పసుపు పొడితోపాటు పద్దెనిమిదో గోరు బల్ల మీద పడింది.